పన్నెండో మాట

ఏలేశ్వరపు సర్వోత్తమం గారు జీవితంలో ఒకే ఒక్కసారి తన గొప్ప తాను చంపుకున్నారు. కొంప మునిగింది ఆ ఒక్కసారి వల్లే. మిగతా యాభై ఏడేళ్ళూ ఆయన తన గొప్పని కంటికి రెప్పలా కాపాడుకుంటూనే వచ్చారు. దానివల్ల ఎవరికీ పెద్దగా నష్టం జరగలేదు.

ఆయన ప్రభుత్వంలో పదసృష్టి అధికారి. కొత్త మాటలు పుట్టించడం ఉద్యోగం. ముప్పై ఏళ్ళలో నాలుగు వేల పైచిలుకు మాటలు పుట్టించారు. వాటిని వాడే మనిషి దేశం మొత్తం మీద ఆయన ఒక్కరే. లిఫ్టుకి ‘ఊర్ధ్వపేటిక’ అని పేరు పెట్టింది ఆయనే. ఒకనాడు అదే లిఫ్టులో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయి, ఊర్ధ్వపేటిక స్తంభించినది, ఊర్ధ్వపేటిక స్తంభించినది అని గంటన్నర కేకలు పెట్టారు. బయటున్నవాళ్ళు లోపల ఎవరో సంధ్యావందనం చేసుకుంటున్నారనుకుని చెప్పులు విప్పి పక్కకి తప్పుకున్నారు. ఈ సంగతి ఆయనే నలుగురికీ చెప్పి నవ్వించేవారు. నవ్వించాక, అయినా ఆ మాటలో లోపమేమీ లేదని కలిపేవారు.

ఆయన దేశం ఒక ఏటికి ఇవతల ఉంది. అవతల ఇంకో దేశం. రెండు ఒడ్డుల్లోనూ ఒకటే భాష, ఒకటే పులుసు, ఒకటే తిట్లు. అయినా అవతల పుట్టి ఇవతల బతుకుతున్నవాళ్ళని ఏరి పంపెయ్యాలని ఇవతలి ప్రభుత్వానికి ఒక ఏడాది బుద్ధి పుట్టింది. పంపుతుంటే, ఎక్కడో కూర్చున్న ప్రపంచ సభ ఒకటి అభ్యంతరం చెప్పింది. పంపడం మీద కాదు. నోటీసుల్లో బహిష్కరణ, గెంటివేత లాంటి మోటు మాటలు వాడుతున్నారని. ప్రభుత్వానికి తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండా ‘గౌరవప్రద నిర్గమన శాఖ’ వెలిసింది. సంచాలకులుగా గుణభూషణరావు గారు వచ్చారు. వచ్చిన రోజే సమావేశం పెట్టి శాఖ సిద్ధాంతం వివరించారు.

“మన దేశం ఎవరినీ పంపెయ్యదు. కొందరి ఉనికిని పునస్సమీక్షిస్తుంది. ఆ సమీక్షా క్రమంలో ఎవరి మనసూ నొచ్చుకోరాదు. మనిషి సంగతి తదుపరి దశలో పరిశీలిద్దాం,” అన్నారు.

దానికి తగ్గట్టే నిబంధనలు రాసుకున్నారు. నోటీసు అందుకున్న మనిషి, అందులోని మాట వల్ల తన మనసు నొవ్వలేదని తొమ్మిదో నంబరు ఫారం మీద సంతకం పెడితేనే పంపాలి. నొచ్చిందంటే ఇంకో మాట వెతకాలి. అలా పన్నెండు మాటలదాకా అవకాశం. పన్నెండూ నొస్తే ఆ మనిషిని ‘భాషకు లొంగని వ్యక్తి’గా రాసుకుని ఉన్నచోటే వదిలెయ్యాలి. సంతకం పెట్టినవాళ్ళు కూడా, పడవ కదిలేలోగా శాఖవారి ఏ మాటకైనా నొచ్చామంటే ఆ సంతకం చెల్లదు. పన్నెండు అన్న అంకె ఎవరో కిళ్ళీ నములుతూ వేసింది. అందాకా వెళ్ళే మనిషి ఉంటారని శాఖలో ఎవరూ అనుకోలేదు.

జనం అబద్ధమాడకుండా ఎలాగన్నది తర్వాతి ప్రశ్న. చట్టాల పుస్తకం మీద చెయ్యి వేయిస్తే ఎవరూ తడుముకోకుండా అబద్ధమాడుతున్నారని ఒక ఉపసంఘం కనిపెట్టింది. అన్నం ముట్టుకుని మాత్రం మనవాళ్ళు అబద్ధమాడరని కూడా అదే కనిపెట్టింది. అంచేత నొచ్చినా నొవ్వకపోయినా ఆ ముక్క అన్నం మీద చెయ్యి పెట్టి చెబితేనే చెల్లుతుందన్నారు. విచారణ గదిలో రోజూ ఒక పళ్ళెం వేడన్నం పెట్టేవారు. రికార్డుల్లో దాని పేరు ‘ప్రమాణాన్నం’. సర్వోత్తమం గారు పెట్టిందే. విచారణ ముగిశాక అటెండరు గవర్రాజు ఇంటినుంచి తెచ్చుకున్న పప్పు కలుపుకుని దాన్ని తినేసి, రిజిస్టరులో ‘పరిష్కరించబడినది’ అని రాసేవాడు. శాఖలో ఆలస్యం లేకుండా పరిష్కారమయ్యేది అదొక్కటే.

మొదటి మూడు నెలలూ బండి సాఫీగా సాగింది. వచ్చినవాళ్ళు వణుక్కుంటూ వచ్చి, ఆ వణుకులో ఏది నొప్పో ఏది భయమో తమకే తెలియక, సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. సర్వోత్తమం గారు అది తన మాటల మహిమ అనుకుని ఒక కొత్త కండువా కొనుక్కున్నారు.

అప్పుడు నూకాలమ్మ వచ్చింది.

నూకాలమ్మది శాఖ గేటుకి ఎదురుగా టిఫిన్ బండి. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. నాలుగేళ్ళప్పుడు పెద్ద వరదొస్తే, తల్లి చంకనేసుకుని పీకల్లోతు నీళ్ళలో నడిచి, నాటుపడవెక్కి ఇవతలి ఒడ్డుకి తెచ్చింది. అవతల వాళ్ళ ఊరు ఆ వరదలోనే కొట్టుకుపోయింది. అక్కడ తనని చూసి మొరిగే కుక్క కూడా లేదని అనేది. ఆమెకొక అలవాటుంది, వ్యాపారానికి ఎంతమాత్రం పనికిరానిది. చట్నీ పులిస్తే, పులిసింది ఇవాళ తినకండని తనే చెప్పేసేది. పెసరట్టు అడుగంటితే తనే తీసి పక్కన పడేసేది. తిండి దగ్గర అబద్ధం ఆమెకి నోరు తిరగదు. సర్వోత్తమం గారు పదిహేనేళ్ళుగా ఆ బండి దగ్గరే టిఫిన్ చేస్తున్నారు.

ఆమె పేర నోటీసు వెళ్ళిన సంగతి ఆయనకి విచారణ గదిలోనే తెలిసింది. మొదటి మాట ‘నిర్గమన సౌలభ్యం’. ఆమె అన్నం మీద చెయ్యి పెట్టి, ఇదంటే ఏటని అడిగింది. గుణభూషణరావు గారు పది నిమిషాలు వివరించారు. ఆమె అంతా శ్రద్ధగా విని, నొచ్చింది అంది. నొచ్చిందన్న గడిలో అంతవరకూ ఎవరూ టిక్కు పెట్టలేదు. గుమాస్తాకి ఆ గడి ఫారంలో ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఎందుకు నొచ్చిందో కూడా రాయాలి కనక చెప్పమన్నారు.

“నాకు తెలీని మాటెట్టి నన్ను పంపేత్తన్నారంటే, నా ఎనకాల నా గురించి ఏదో అనుకున్నట్టే కదా బాబూ,” అంది నూకాలమ్మ.

సర్వోత్తమం గారికి ఆమె కంటే ఎక్కువ నొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆయన మాటని కాదన్నవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు కనక. మర్నాడు పొద్దున్న కోపంతో బండి దగ్గరికి వెళ్ళలేదు. పదింటికల్లా నీరసమొచ్చి వెళ్ళారు.

రెండో మాట తేటగా ఉండాలని ‘సాగనంపు’ అన్నారు. నూకాలమ్మ ఆలోచించింది. సాగనంపడమంటే గుమ్మందాకా వచ్చి, మనిషి మలుపు తిరిగేదాకా నిలబడి చూడాలి, తనకెవరు నిలబడతారని అడిగింది. న్యాయమైన ప్రశ్నేనని శాఖ ఒప్పుకుని, ‘గుమ్మం అధికారి’ అనే పోస్టు మంజూరు చేయించింది. ఆ అధికారి కళ్ళు చెమర్చినట్టు కనిపించాలని, కానీ చెమర్చరాదని ఉత్తర్వులిచ్చారు. ఆ అధికారిని ఎదురుగా నిలబెట్టి మళ్ళీ అడిగారు. ఉద్యోగానికి నిలబడ్డ మనిషి తనవైపు కాదు, గడియారం వైపు చూస్తాడంది ఆమె. అందరూ తిరిగి చూస్తే ఆయన గడియారమే చూస్తున్నాడు. నొచ్చిందని రాసుకున్నారు.

మూడోది ‘పుట్టింటి ప్రయాణం’. దీనికి గుణభూషణరావు గారు స్వయంగా చప్పట్లు కొట్టారు. నూకాలమ్మ మొహం కూడా ఒక్క క్షణం వెలిగింది.

“పుట్టింటికెల్తే మల్లీ తీసుకురాడానికి ఎవులో ఒకలు వత్తారు. మీలో ఎవులు వత్తారు బాబూ?” అంది.

ఎవరు వెళ్ళాలన్న ఫైలు నాలుగు శాఖలు తిరిగి, ‘అట్టి బాధ్యత ఎవరికీ దఖలుపరచబడలేదు’ అన్న జవాబుతో ఐదు వారాలకి వెనక్కి వచ్చింది. ఆ ఐదు వారాలూ నూకాలమ్మ ఇడ్లీలు వేసుకుంటూనే ఉంది.

నాలుగోది ‘ఊడ్పు’. నారుమడిలోంచి తీసి పెద్ద పొలంలో నాటడం. సర్వోత్తమం గారు దీనికి వారం రోజులు గడ్డం గీసుకోకుండా కష్టపడ్డారు. చిన్నప్పుడు ఊడ్పులకి వెళ్ళిన మనిషి కనక ఆమెకి తప్పకుండా నచ్చుతుందనుకున్నారు. నారు పీకినవాళ్ళే నాటుతారు, మీరు పీకి ఏట్లో వదిలేస్తారంది ఆమె. ఆయన నోటుబుక్కు మూసుకున్నారు.

ఇలా ఒక్కో మాటా నెగ్గకపోయినా ఒక్కో మాట వెనకా ఒక్కో ఏర్పాటు మిగిలిపోయింది. ఎనిమిదో మాట నాటికి శాఖలో గుమ్మం అధికారి, ఆయనకి ఇద్దరు సహాయకులు, మంచి శకునం చూసి చెప్పే పరిశీలకుడు, దారిలో తినడానికి పెరుగన్నం మూటలు కట్టే విభాగం, ఆ మూటల ముడి బిగువు తనిఖీ చేసే ఇనస్పెక్టరు ఉన్నారు. ఒక్క ఆడమనిషిని నొప్పించకుండా పంపడానికి మొత్తం అరవైమంది. ఆ అరవైమందీ పొద్దున్నే ఆమె బండి దగ్గరే టిఫిన్ తిని ఆమెను పంపే పనిలోకి దిగేవారు.

సర్వోత్తమం గారు అందరికంటే ముందొచ్చేవారు. ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు బండి మీద పెట్టి, పేరుకి విచారణ కాకపోయినా, కొత్త మాటలు చదివి వినిపించేవారు. ఆమె పిండి కలుపుతూ వినేది. ఈ మాటలో ఉప్పెక్కువైంది పంతులుగారూ అనేది. ఈ మాట నోట్లో బాగానే ఉంది, గొంతు దిగట్లేదు అనేది. ఆయన అక్కడే కొట్టేసి తిరగరాసేవారు. లిఫ్టు కథ విన్న రోజు ఆమె గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. నవ్వి, ‘పైకిపెట్టి’ అంటే సరిపోయేది కదా అంది. ఆయన పదిహేను రోజులు దానికి జవాబు వెతికారు. దొరకలేదు.

ముప్పై ఏళ్ళకి ఆయనకొక వినే మనిషి దొరికింది. ఆమెను దేశం దాటించడం ఆయన ఉద్యోగం. ఈ రెండు సంగతులూ ఒకేచోట పెట్టి చూసుకోవడం ఇష్టంలేక, సర్వోత్తమం గారు చాలాకాలం ఒక్కోరోజు ఒక్కోటే చూసుకున్నారు.

పదకొండో మాట కూడా నొచ్చాక గుణభూషణరావు గారు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు. నూకాలమ్మ సంగతి ఊళ్ళన్నీ పాకిపోయిందట. భయం తగ్గి జనం ఎక్కడికక్కడ నొచ్చిందనడం మొదలుపెట్టారట. నాలుగు వేలమంది ఆమె పన్నెండో మాట కోసం కాచుకుని కూర్చున్నారట.

“ఆమె గనక భాషకు లొంగని వ్యక్తి అయిందో, నాలుగు వేలమందీ అదే స్థితికి పరిణమిస్తారు. అప్పుడీ శాఖ అస్తిత్వమే పునస్సమీక్షకు గురవుతుంది. మీ దగ్గరున్న అత్యుత్తమ పదాన్ని బయటకు తీయండి,” అన్నారు. నెగ్గితే ‘పదబ్రహ్మ’ బిరుదు, శాలువా కూడా అన్నారు.

అత్యుత్తమ పదం అప్పటికే సర్వోత్తమం గారి జేబులో ఉంది. మూడు వారాలుగా చెక్కుతున్నారు. బండి దగ్గర కూడా చదవలేదు. చిన్న మాట, ఒక్క సంస్కృతపు ముక్క లేని మాట. తన జీవితంలో మంచి మాటంటూ పుట్టించింది అదొక్కటేనని, దాన్ని విన్న మనిషెవరూ నొచ్చుకోలేరని ఆయన నమ్మకం. కాబట్టి అది చదివితే నూకాలమ్మ సంతకం పెట్టేస్తుంది. వెళ్ళిపోతుంది.

ఆదివారమంతా ఆయన వరండాలో పచార్లు చేశారు. శాలువా కనిపించింది. బండి కనిపించింది. శాలువా రంగు కూడా కనిపించింది, సిగ్గులేకుండా. మధ్యాహ్నం మూడింటికి ఆయన ఒక నిర్ణయానికొచ్చారు. జేబులో మాట జేబులోనే ఉండాలి. చివరి నోటీసులో భాషలో ఉన్నవాటిల్లోకెల్లా మొరటు మాట రాయాలి, ఎలాంటి మనిషికైనా గుచ్చుకునే మాట. ఆమె నొచ్చుకుంటుంది, ఉండిపోతుంది. తన పరువు పోతే పోయింది. అలా అనుకున్నాక ఆయనకి తనమీద తనకి ఎంత గౌరవం పుట్టిందంటే, అద్దం దగ్గరికెళ్ళి ఒకసారి చూసుకుని వచ్చారు.

సోమవారం విచారణ గది నిండిపోయింది. గుణభూషణరావు గారు సర్వోత్తమం గారిచ్చిన కవరు చింపి, కాగితం చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. నిబంధన ప్రకారం కవరు తెరిచాక చదవక తప్పదు. చదివారు.

“నూకాలమ్మా, నిన్ను ఈ దేశం నుంచి వెళ్ళగొడుతున్నాం.”

ఆమె అన్నం మీద చెయ్యి పెట్టింది. ఇంకోసారి చదవమంది. చదివారు. తర్వాత చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది. పావుగంట గడిచింది. అన్నం మీద ఆవిరి ఆగిపోయింది. గవర్రాజు పప్పు గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టాడు. సర్వోత్తమం గారు లోలోపల, అనమ్మా, నొచ్చిందని అను అని బతిమాలుకుంటున్నారు.

“నొవ్వలేదు బాబూ,” అంది నూకాలమ్మ.

గదిలో ఎవరికీ అర్థంకాలేదు. సర్వోత్తమం గారు నిబంధనలు మరిచిపోయి, ఎందుకు నొవ్వలేదని అడిగేశారు.

“నొత్తాదేమోనని సూసినాను పంతులుగారూ. నొత్తే బాగున్నని ఇంతసేపు కూకున్నాను. రాలేదు. ఎల్లగొడతన్నారని నాకు మొదట్నుంచీ తెలుసు కదా. తెలిసిన మాట తెలిసినట్టు సెప్తే నొప్పెక్కడుంటాది? అన్నం మీద సెయ్యెట్టి ఉంటాదని ఎలాగనేది?”

సంతకం పెట్టింది. చేతికంటుకున్న మెతుకులు జాగ్రత్తగా తీసి పళ్ళెంలో వేసింది.

గుణభూషణరావు గారు లేచి సర్వోత్తమం గారిని కౌగిలించుకున్నారు. సరళత అన్నారు, ఇంతటి సరళత శాఖలో ఎవరికీ స్ఫురించలేదన్నారు, నొవ్వలేదని సంతకం ఉండగా ప్రపంచ సభకి కూడా అభ్యంతరం ఉండదన్నారు. సాయంత్రానికి నాలుగు వేల నోటీసుల్లోనూ అదే మాట అచ్చయింది. ఎక్కడికక్కడ జనం అన్నం ముట్టుకుని, నొవ్వలేదని నిజమే చెప్పి సంతకాలు పెట్టారు. ఇంత సూటి మాటకి అంత తతంగం ఎందుకని గుమ్మం అధికారినీ, శకున పరిశీలకుణ్ణీ, పెరుగన్నం మూటల విభాగాన్నీ ఒకే ఉత్తర్వుతో ఎత్తేశారు. బిరుదు సభలో సర్వోత్తమం గారి భుజం మీద శాలువా పడింది. ఆదివారం ఊహించుకున్న రంగే.

గురువారం పొద్దున్న పదకొండింటికి పడవ. సర్వోత్తమం గారు సెలవు పెట్టి రేవుకి వెళ్ళారు, గుమ్మం అధికారి లేడు కనక ఎవరో ఒకరు నిలబడాలని. మిగిలిన సిబ్బంది గవర్రాజు ఒక్కడే. తొమ్మిదో నంబరు ఫారాలు చంకలో పెట్టుకుని కాపలా ఉన్నాడు. నూకాలమ్మ అట్లపెనం గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఆయన పక్కనే కూర్చున్నారు. చెయ్యాలనుకున్నదీ, చేసిందీ అంతా చెప్పేశారు. ఆమెకి కోపం రాలేదు. రావాల్సిందని ఆయనకనిపించింది.

“ఇంతకీ జోబీలో ఉండిపోయిన మాటేటి?” అని అడిగింది.

ఆయన కాగితం తీశారు. మడతల దగ్గర చిరుగుతోంది. తన గొప్ప ఎటూ పోయింది కనక ఈసారి గొంతు సవరించుకోకుండానే చదివారు.

“ఒడ్డుచేర్పు.”

నూకాలమ్మ ఏటివైపు చూసింది. ఒళ్ళోని పెనాన్ని దగ్గరికి లాక్కుంది.

“మాయమ్మ నన్నెప్పుడో ఒడ్డుకి సేర్చేసింది పంతులుగారూ. ఇదే ఒడ్డు. వరదలో, పీకల్దాకా నీల్లలో. మల్లీ మీరేటి సేర్చేది?” అంది. కొంగుతో మొహం ఒత్తుకుని, కాసేపటికి ఏడుపులోంచే నవ్వింది. “అబ్బ, ఎంత నొచ్చిందో. సోమారం నాడు ఇది సదవకపోయినారా?”

సర్వోత్తమం గారికి ముందు అర్థంకాలేదు. అర్థమయ్యాక ఎగిరి లేచి నిలబడ్డారు. పడవ కదిలేలోగా నొస్తే సంతకం చెల్లదు. నొచ్చిందట, రాసుకో అని గవర్రాజు భుజం పట్టుకుని ఊపేశారు. గవర్రాజుకీ రాసుకోవాలనే ఉంది. ఫారం తీశాడు, పెన్ను మూత కూడా తీశాడు. తీసి, అన్నం లేకుండా రాస్తే చెల్లదండి అన్నాడు. పెరుగన్నం మూటలు ఎత్తేశారు. తన గిన్నెలో పప్పు మాత్రమే ఉంది, అన్నం రోజూ ఆఫీసులో దొరుకుతుంది కనక.

పదబ్రహ్మ ఏలేశ్వరపు సర్వోత్తమం గారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. రేవు పక్కన ఒకటే హోటలు. అన్నం పన్నెండు దాటాకేనండి, ఇప్పుడు పూరీలే ఉన్నాయన్నాడు హోటలతను. ఆయన లోపలికి దూరి, పొయ్యి మీద కుతకుతమంటున్న డేగిసాలోంచి గరిటెడు అన్నం ఆకులోకి తీసుకున్నారు. అది ఇంకా ఉడకలేదు, పలుకుగా ఉంది. పలుకన్నం అన్నమే అవుతుందా అన్న అనుమానం పరిగెత్తుతూ కూడా ఆయన్ని వదల్లేదు. ఆకులోంచి గంజి మోచేతిదాకా కారి కాల్తోంది.

ఆయన వచ్చేసరికి పడవ ఏట్లో ఉంది. చాలా దూరమేం పోలేదు, మనుషులు పోల్చుకునేంత దూరంలోనే ఉంది. ఆయన మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఆకుని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. నూకాలమ్మ చూసింది. పెనం పక్కన పెట్టి లేచి నిలబడి, అన్నం మీద పెట్టినట్టుగా కుడిచెయ్యి ఇటువైపు చాపింది. ఏదో అంది కూడా. గాలికి వినపడలేదు గానీ, ఏమందో ఒడ్డున ఉన్న ఇద్దరికీ తెలుసు.

గవర్రాజు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. అంత దూరం నుంచి ముట్టుకున్న అన్నానికి అందులో గడి లేదు.